షరతు మీద వచ్చిన నేల



గత భాగం చదివిన డిగ్రీ విద్యార్థులు కొందరు ఒకే మాట అడిగారు. "సార్, చిన్న కమతం గిట్టుబాటు కాదు, అందుకే దళితులు సేద్యం వదిలేస్తున్నారు అని మాకు క్లాసులో చెప్తున్నారు. నిజమేనా?" ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కానీ ఆ ప్రశ్నలోనే ఒక మోసం దాగి ఉంది, అందుకే ఈ భాగం మొత్తం దానికే కేటాయిస్తున్నా. అమరాపురం మండలం దాటకుండానే చెప్పడానికి ప్రయత్నిస్తా. అవసరమైన చోట గడప దాటుదాం. మాకు గడప దాటితే కర్ణాటకే కదా.

ముందు లెక్క చూద్దాం. ప్రపంచంలో 60 కోట్లకు పైగా సేద్యపు కమతాలు ఉన్నాయని ఆహార వ్యవసాయ సంస్థ పరిశోధకుల అంచనా. వాటిలో 84 శాతం రెండు హెక్టార్ల లోపువే. ఆ 84 శాతం చేతిలో ఉన్న భూమి మాత్రం 12 శాతం. మన దేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం 86 శాతం కమతాలు చిన్న, సన్నకారు రైతులవి. వాళ్ల చేతిలో ఉన్న విస్తీర్ణం 47 శాతం. సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాలు దాటి కొంచెం. అదే గణనలో ఎస్సీల చేతిలోని సాగు విస్తీర్ణం 9 శాతం లోపే. 2011 జనాభాలో మన వాటా 16.6 శాతం.

ఈ అంకెలన్నీ ఎకరాలను కొలుస్తాయి. ఆ ఎకరా ఎక్కడుందో, దానికి నీళ్లు ఎటునుంచి వస్తాయో, దాని కాగితం మీద ఏం రాసి ఉందో కొలవవు. అమరాపురంలో ఒక ఎకరా వక్కతోట ఉన్నాయన సన్నకారు రైతే. గట్టు మీద ఎకరా గరుసు నేలలో శెనిక్కాయ వేసే మాదిగాయన కూడా సన్నకారు రైతే. గణన పుస్తకంలో ఇద్దరూ ఒకే వరుసలో కూర్చుంటారు. ఊళ్లో మాత్రం మొదటాయన తోటలో రెండో ఆయన భార్య కాయ ఒలుస్తుంటుంది.

ఎకరాలతో కొలవడం తప్పని వందేళ్ల కిందటే చెప్పిన మనిషి ఉన్నాడు. 1918లో అంబేడ్కర్ భారతదేశంలో చిన్న కమతాల సమస్యపై ఇండియన్ ఎకనమిక్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం రాశారు. మనలో చాలామంది కుల నిర్మూలన చదువుతారు, దీన్ని చదవరు. ఆ రోజుల్లో బరోడా సంస్థానంలోనూ బొంబాయిలోనూ పెద్దలంతా ముక్కలైన కమతాలను కలిపేస్తే, ఇంతకన్నా చిన్నది ఉండకూడదని చట్టం చేస్తే సేద్యం బాగుపడుతుందని వాదిస్తున్నారు. అంబేడ్కర్ వాళ్లను తిరిగి అడిగింది ఇది: కమతం చిన్నదో పెద్దదో తేల్చేది కొలబద్దా, లేక ఆ రైతు దగ్గరున్న ఎడ్లు, పనిముట్లు, పెట్టుబడీనా? పెట్టుబడి లేని వాడికి ఉన్న కాస్త భూమి కూడా ఎక్కువే అవుతుంది. పెట్టుబడి ఉన్నవాడికి ఎకరా కూడా బతుకునిస్తుంది. భూమి మీద పని లేక ఊరకే ఉన్న జనాన్ని పరిశ్రమల్లోకి తీసుకోకుండా కమతాల గట్లు చెరిపితే ఏం ఒరుగుతుందని కూడా అడిగారు. అప్పటికాయన వయసు 27.

ఈ వాదాన్ని పట్టుకుని అమరాపురం చరిత్ర చూడండి. మనవాళ్లకు దొరికిన ప్రతి ఎకరా ఒక షరతుతో వచ్చింది. నీళ్లు, పెట్టుబడి మాత్రం ఏ షరతులోనూ రాలేదు.

మా మండలంలోనే హేమావతి ఉంది. ఒకప్పటి హెంజేరు, నొలంబ పల్లవుల రాజధాని. నల్లరాతి స్తంభాల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు వదిలేద్దాం. నాకు కావలసింది ఈ ప్రాంతపు చెరువుల లెక్క. చెరువు కట్టించినవాడికి, గండి పూడ్పించినవాడికి ఆ చెరువు కిందే కొంత భూమి ఇవ్వడం రాయలసీమంతా ఉండేది. దానికి దశబంధం అని పేరు. చెరువుకు డబ్బు పెట్టినవాడికి చెరువు కింద మడి దక్కింది. మట్టి మోసినవాడి పేరు ఏ శాసనంలోనూ లేదు.

మోసినవాడికీ, కాపలా కాసినవాడికీ దొరికింది వేరే రకం భూమి. తోటి మాన్యం, తలారి మాన్యం, నీరుగంటి మాన్యం. ఊరి వెట్టి చేస్తున్నన్నాళ్లు ఆ నేల దున్నుకోవచ్చు. దండోరా వేయాలి, అధికారి వస్తే మూట మోయాలి, చచ్చిన గొడ్డును లాగేయాలి, శవం వస్తే ఊరూరా కబురు చెప్పాలి. సేవ ఆగితే నేల పోతుంది. మహారాష్ట్రలో మహర్ వతన్ అంటే ఇదే. ఆ గుప్పెడు నేల కోసం జాతి మొత్తం వెట్టిలో కట్టుబడి ఉందని గ్రహించి అంబేడ్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో వతన్ చట్టాన్ని సవరించే బిల్లు పెట్టారు. మన దగ్గర నీరుగంటి వ్యవహారం ఇంకా విచిత్రం. చాలా ఊళ్లలో తూము తీసి ఎవరి మడికి ఎంత పారాలో చూసే మనిషి మనవాడే. ఊరి నీళ్లన్నీ అతని చేతి మీదుగా పోయేవి. అతని సొంత చేనుకు మాత్రం వానే దిక్కు.

1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరు. రైతువారీ అనే మాటను ఈ నేల మీదే గట్టిపరిచాడు. జమీందారు మధ్యలో లేకుండా రైతుకే నేరుగా పట్టా. మన పాఠ్యపుస్తకాలు దీన్ని గొప్ప సంస్కరణగా చెప్తాయి. కొంతవరకు నిజమే. కానీ రైతు అంటే ఎవరు? కరణం లెక్కలో పేరున్నవాడు. కరణం, రెడ్డి రాయించిన లెక్కలో మాదిగగేరి సాధారణంగా మనుషుల లెక్కలోకి వస్తుంది తప్ప పట్టాల లెక్కలోకి రాదు. మిగిలిన బంజరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. పెట్టడానికి చదువు, తిరగడానికి తీరిక, ఊళ్లో బతకడానికి ధైర్యం కావాలి.

ఆ ధైర్యం ఎందుకు కావాలో చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమన్‌హీర్ 1891-92లో రాసిన నివేదికలో ఉంది. పరయ కులస్థులు బంజరుకు దరఖాస్తు పెడితే ఊరి భూస్వాములు ఎలా అడ్డం పడతారో, పెట్టినవాడిని ఎలా సతాయిస్తారో ఒక ఇంగ్లీషు దొర తన ప్రభుత్వానికే రాసి చూపించాడు. ఫలితంగా 1892 సెప్టెంబరు 30న మద్రాసు ప్రభుత్వం 1010 నంబరు జీవో ఇచ్చింది. తమిళనాడులో పంచమి భూములని ఇప్పటికీ పోరాడుతున్నది వీటి కోసమే. అందులోనూ షరతు ఉంది: పదేళ్లు ఎవరికీ అమ్మకూడదు, ఆ తర్వాత కూడా అణగారిన కులాలవాళ్లకే అమ్మాలి. ఇది మంచి షరతే. దానితోపాటు బావి తవ్వుకోవడానికి అప్పు కూడా ఇచ్చి ఉంటే? అప్పటికే 1883లో భూమి అభివృద్ధి రుణాల చట్టం ఉంది. తక్కావీ అప్పు అనేది అదే. కానీ దానికి పూచీ కావాలి. పూచీగా పెట్టడానికి మంచి భూమి కావాలి. మంచి భూమి ఉన్నవాడే బావి తవ్వాడు, బావి తవ్వాక అతని భూమి ఇంకా మంచిదైంది.

దరఖాస్తు అనే ఆ మాటే మన నోట్లో డీకేటీ అయింది. డీకేటీ పట్టా అంటే మా ఊళ్లో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18న వచ్చిన 1142 నంబరు జీవోతో ఈ పట్టాల మీద అమ్మకూడదనే షరతు స్థిరపడింది. విద్యార్థులు ఈ తేదీ రాసి పెట్టుకోండి. ఆ తేదీకి ముందు ఇచ్చిన పట్టానా, తర్వాత ఇచ్చినదా అన్నదాని మీద ఇప్పటికీ కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి. తర్వాత 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, అంటే 9/77 వచ్చింది. అమ్మినా, గుత్తకిచ్చినా, కుదువ పెట్టినా చెల్లదు. కొన్నవాడి చేతి నుంచి తీసి అసలు మనిషికో వారసులకో తిరిగి ఇవ్వాలి. ఆ చట్టంలో నిరుపేద అంటే రెండున్నర ఎకరాల తరి, లేదా ఐదెకరాల మెట్టకు మించి లేనివాడు.

గమనించారా, చట్టానికి తరికీ మెట్టకూ తేడా బాగా తెలుసు. ఎకరా తరి రెండెకరాల మెట్టకు సమానమని లెక్క కట్టింది. మరి పంచేటప్పుడు పంచింది ఏది? చెరువు కింద మడి ఎప్పుడో పట్టా అయిపోయింది. మిగిలింది గట్టు, పోరంబోకు అంచు, రాళ్ల దిబ్బ. ప్రభుత్వం దగ్గర ఉన్నదే పంచింది. ఉన్నది ఎందుకు ఉందంటే, ఎవరూ అడగలేదు గనక.

ఇప్పుడు వక్కతోటకు వద్దాం. ఈ వాదమంతా అక్కడ కంటికి కనిపిస్తుంది.

ఆంధ్రలో వక్క పండే చోటు అంటే అమరాపురం, అగళి, రొళ్ల వైపే చూపిస్తారు. సరుకు పోయేది ఎక్కువగా కర్ణాటకకే. ఎకరాకు సుమారు ఐదు వందల మొక్కలు పడతాయి. నాటిన ఐదారేళ్లకు గానీ కాపు మొదలు కాదు, పూర్తి కాపుకు పదేళ్లు. ఆ తర్వాత ఒక తరం పొడుగునా ఆదాయం. ఏడాది పొడుగునా తడి ఉండాలి. రెండు ఎండాకాలాలు నీళ్లు తప్పితే పదేళ్ల శ్రమ నిలువునా ఎండుతుంది. బోర్లు ఎండిన ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లు కాపాడుకున్నవాళ్లున్నారు. ట్యాంకరుకు డబ్బు లేనివాళ్లు చెట్లు నరికేశారు.

అంటే వక్క పెట్టాలంటే ఎకరా ఒక్కటే చాలదు. నీళ్లు కావాలి, ఐదారేళ్లు ఆగగలిగే స్తోమత కావాలి, మధ్యలో బోరు పోతే ఇంకొకటి వేసే శక్తి కావాలి. ఈ మూడూ ఉన్నవాడికి ఎకరన్నర చాలు, పిల్లల్ని బెంగళూరులో చదివిస్తాడు. మూడూ లేనివాడికి ఐదెకరాలున్నా శెనిక్కాయే గతి. శెనిక్కాయ నాలుగు నెలల పంట. జూన్, జూలై వానను నమ్మి విత్తనానికి అప్పు చేయాలి. వాన మొహం చాటేస్తే విత్తనం కూడా తిరిగి రాదు. మన ఉమ్మడి అనంతపురం జిల్లా మొత్తం ఆ ఒక్క పంట మీద ఎలా పడిపోయిందో మీకు తెలిసిందే. కానీ ఇది అజ్ఞానం వల్ల జరిగిందని వ్యవసాయ శాఖ ఉపన్యాసాలు చెప్పినప్పుడల్లా నాకు మండుతుంది. అప్పు తీర్చడానికి నాలుగు నెలలకు మించి గడువు లేనివాడు నాలుగు నెలల పంటే వేస్తాడు. ఇందులో తెలివితక్కువతనం ఏముంది?

అర్థశాస్త్రంలో ఒక ప్రసిద్ధమైన వాదం ఉంది. చిన్న కమతంలో ఎకరాకు దిగుబడి పెద్ద కమతంకన్నా ఎక్కువ అని. రష్యాలో చయనోవ్ 1920లలో రైతు కుటుంబపు లెక్క వేరేగా ఉంటుందని చెప్పాడు. మన దగ్గర 1962లో అమర్త్య సేన్ దీనికి వివరణ ఇచ్చారు: చిన్న రైతు ఇంటిల్లిపాదీ కూలి లెక్క చూసుకోకుండా చేనులో పనిచేస్తారు, అందుకే దిగుబడి ఎక్కువ. వినడానికి బాగుంది, చాలాచోట్ల నిజం కూడా. మాదిగగేరికి వచ్చి చూడండి. ఇంటిల్లిపాదీ పొద్దున ఆరుకే వక్కతోటలోకి పోతారు, చీనీతోటలోకి పోతారు, లేదా బెంగళూరు బస్సెక్కుతారు. అప్పు తీసుకున్న చోట ముందు చేయాలి. సొంత చేనుకు మిగిలేది అలసిపోయిన సాయంత్రం. నీళ్లుంటే ఇంటి కూలికి విలువ వస్తుంది, రాళ్ల మీద ఎంత చెమట కారిస్తే మాత్రం ఏం మొలుస్తుంది? సేన్‌ది తప్పని నేననను. ఆయన లెక్కలోని చిన్న రైతుకు తన శ్రమ మీద తనకు హక్కుంది. మనవాళ్లకు నేల మీదే కాదు, తమ పొద్దు మీద కూడా ఆ హక్కు లేదు.

నీళ్ల సంగతి ఇంకొంచెం. తెరిపి బావుల కాలం పోయి బోర్ల కాలం వచ్చాక ముందు వేసినవాడిదే రాజ్యం అయింది. భూమి కింద నీళ్లకు గట్లు లేవు, గుంజుకున్నవాడికి గుంజుకున్నంత. 2002లో వాల్టా చట్టం వచ్చింది, అనుమతి లేకుండా బోరు వేయకూడదు, భూగర్భ జలాలు అడుగంటిన ఊళ్లలో కొత్త బోర్లకు అడ్డు. పర్యావరణం వైపు నుంచి చూస్తే కావలసిన చట్టమే. కానీ అప్పటికే నాలుగు బోర్లున్నవాడికి అది కోట గోడ, ఒక్కటీ లేనివాడికి మూసిన తలుపు. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. మోటారు ఉన్నవాడికే కదా ఉచితం. ఎస్సీ, ఎస్టీల భూములకు బోర్లు వేయడానికి 2011లో ఇందిర జలప్రభ తెచ్చారు, 2020లో జలకళ వచ్చింది. వీటివల్ల బాగుపడిన కుటుంబాలు లేవని నేననను, ఉన్నాయి. కానీ గట్టు మీద పొడిబోరు పడ్డాక రెండోసారి ఎవరు వేస్తారు? తోట రైతు రెండోది, మూడోది వేసుకుంటాడు. మనవాడికి ఒక్క అవకాశమే. అదీ భూమి లోపలి రాతి దయ.

ఇక కాగితం. డీకేటీ భూమి మీద అప్పు పుట్టదని అందరూ అంటారు. 9/77 చట్టం ఆరో సెక్షన్ చదివితే ఆశ్చర్యపోతారు. సహకార సంఘాలకు, షెడ్యూల్డ్ బ్యాంకులకు తాకట్టు పెడితే ఈ నిషేధం వర్తించదని స్పష్టంగా ఉంది. అంటే బ్యాంకు ఇవ్వొచ్చు. చట్టంలో లేని అడ్డు కౌంటర్ దగ్గర ఉంది. అక్కడ పని కానప్పుడు మనవాడు పోయేది ఊళ్లో షావుకారు దగ్గరికి. భూమిని భోగ్యానికి రాసిస్తాడు. చట్టం ప్రకారం ఆ కాగితం చెల్లదు. చెల్లని కాగితమే తరాలు నడుస్తుంది. కోనేరు రంగారావు కమిటీ 2006లో 104 సిఫార్సులతో నివేదిక ఇచ్చినప్పుడు పెద్ద భాగం ఈ దుస్థితి మీదే. పట్టా ఒకరిది, సాగు ఇంకొకరిది.

రాయలసీమ కరువు కథల్లో రైతు గురించి చదివి కళ్లు తడి చేసుకునే మిత్రులకు ఒక చిన్న మాట. ఆ రైతు చాలావరకు పట్టాదారు. భోగ్యానికి పోయిన డీకేటీ నేల కథ మన సాహిత్యంలో ఎంత తక్కువో నేను పిహెచ్‌డీ చేసే రోజుల్లో గమనించా. మన జిల్లావాడే చిలుకూరి దేవపుత్ర, ఆయన 'పంచమం' నవల చదవని వాళ్లు చదవండి. దాని మీద వేరే రాస్తా.

ఇప్పుడు అసలు పోరు ఎక్కడుందో చూద్దాం. 2023లో ప్రభుత్వం 9/77ను సవరించింది. అసైన్ చేసి ఇరవై ఏళ్లు దాటిన వ్యవసాయ భూమిపై అసలు లబ్ధిదారుకో వారసులకో అమ్ముకునే హక్కుతో సహా పూర్తి హక్కు ఇచ్చారు. 22ఎ నిషేధ జాబితా నుంచి తీసేయడం మొదలైంది. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. మనలో రెండు అభిప్రాయాలున్నాయి. "అందరికీ అమ్ముకునే హక్కుంది, మాకెందుకు ఉండకూడదు? మమ్మల్ని పిల్లల్లా చూస్తారా?" అని ఒకటి. ఇందులో ఆత్మగౌరవం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేను. పెరూ దేశపు ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో 2000లో రాసిన పుస్తకంలో పేదల ఆస్తికి సరైన కాగితమిస్తే అదే పెట్టుబడి అవుతుందని ప్రపంచమంతా చాటాడు. ఈ సవరణ వెనుక ఉన్నది కూడా ఆ తర్కమే.

నా అభిప్రాయం వేరు. నీళ్లు లేని ఎకరాకు పూర్తి హక్కు పట్టా ఇస్తే ముందు తలుపు తట్టేది బ్యాంకు మేనేజరు కాదు, కొనేవాడు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా వచ్చాక హైవే పొడుగునా నేల ధరలు ఏమయ్యాయో మీరు చూశారు. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,800 ఎకరాలకు పైగా తీసుకున్నారు, అందులో అసైన్డ్ భూములూ ఉన్నాయి. హబ్ రాలేదు. ఉద్యోగాలూ రాలేదు. అప్పుడు పనికొచ్చింది కాగితం మీది హక్కు కాదు, 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు ఇచ్చిన తీర్పు. అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని బెంచి చెప్పింది. ఆ తీర్పు ఉందని తెలిసినవాళ్లు అడిగి తీసుకున్నారు. తెలియనివాళ్లు ఇచ్చింది పుచ్చుకున్నారు.

గడప అవతల ఏముందో కూడా చూడండి. పావగడలోనో, శిరాలోనో మన చుట్టాల భూములకు 1978 నాటి పీటీసీఎల్ చట్టం ఉంది. అక్కడ ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చిన భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మితే చెల్లదు, తిరిగి వారసులకు ఇవ్వాలి. 1984లో మంచేగౌడ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 2017లో నెక్కంటి రామలక్ష్మి కేసులో మాత్రం పాతికేళ్లు ఆలస్యంగా అడిగితే కుదరదంది. ఆ ఒక్క మాటతో ఎన్నో దావాలు కొట్టుకుపోయాయి. దళిత సంఘాలు బెంగళూరులో నెలల తరబడి ధర్నాలు చేశాయి. 2023లో కర్ణాటక చట్టం సవరించి కాలపరిమితి వర్తించదని రాసింది. ఒకే ఏడాది, గట్టుకు ఇటువైపు అమ్ముకోవడానికి తలుపు తెరిచారు, అటువైపు అమ్ముడుపోయింది తిరిగి తెచ్చుకోవడానికి తలుపు తెరిచారు. చుట్టరికాలున్న రెండు ఊళ్లకు రెండు న్యాయాలు.

మరి అమ్మకూడదనే పాత షరతే చాలా అంటే, చాలదు. అది నేలను కాగితం మీద కాపాడింది, చేనులో కాపాడలేదు. 1947లో 'రాష్ట్రాలు-మైనారిటీలు' పత్రంలో అంబేడ్కర్ రాసిన ప్రణాళిక గుర్తు చేసుకోండి. భూమి ప్రభుత్వానిది, సాగు ఊరివాళ్లది ఉమ్మడిగా, కుల భేదం లేకుండా. అక్కడితో ఆపలేదు. నీళ్లు, ఎడ్లు, పనిముట్లు, ఎరువు, విత్తనం ప్రభుత్వమే సమకూర్చాలని వరుసగా రాశారు. 1918లో కమతానికి కొలత ఏదో చెప్పిన మనిషే ముప్పై ఏళ్ల తర్వాత ఆ కొలత ప్రకారం బిల్లు వేశారన్నమాట. ఆ జాబితాలో నీళ్లు ముందున్నాయి.

మడకశిర నియోజకవర్గం 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు. హంద్రీ-నీవా మడకశిర బ్రాంచ్ కాలువ గురించి ప్రతి ఎన్నికలోనూ వింటున్నాం. కాలువ నీళ్లు చెరువులకు నింపితే చెరువు కింద మడులు తడుస్తాయి, పక్క తోటల బోర్లు పొంగుతాయి. గట్టు మీది డీకేటీ భూములకు పైకెత్తి ఇచ్చే గొట్టం ఏ ప్రణాళికలో ఉంది? మన నాయకుల్ని అడగాల్సింది ఇది. ఎన్ని ఎకరాలు పంచారని కాదు, పంచిన ఎకరాల్లో ఎన్నింటికి తడి ఉందని. తడి వచ్చినా వక్క కాపుకొచ్చే ఐదేళ్లు ఇల్లు గడిచేదెలా, బోరు పోతే రెండోది ఎవరు వేస్తారు అని.

కార్యకర్త మిత్రులకు పని. మీ ఊళ్లో మనవాళ్ల డి-ఫారం పట్టాలు ట్రంకు పెట్టెల్లోంచి తీయించండి. తేదీ 1954 జూన్ 18కి ముందా, తర్వాతా చూడండి. అడంగల్‌లో, 1బిలో ఎవరి పేరుందో, చేనులో ఎవరి పంట ఉందో పక్కపక్కన రాయండి. దానికి ఇంకో గడి కలపండి, సర్కారు గణనలో లేని గడి: నీళ్లు ఎక్కడినుంచి? చెరువు, బోరు, పక్కవాడి బోరు, వాన. ఒక్క ఊరికైనా ఈ నాలుగు గడుల జాబితా పూర్తి చేసినవాళ్లు నాకు పంపండి, పేర్లు తీసేసి అందరికీ చూపిద్దాం.

వచ్చే భాగం వక్క ఒలిచే ఆడవాళ్ల కూలి లెక్క. చేతివేళ్లకు పట్టిన ఆ మరక ఎన్నాళ్లకు పోతుందో మీ ఇళ్లల్లో అమ్మలను, అక్కలను అడిగి రండి.